క్లౌడ్ క్లస్టర్ సెక్యూరిటీ రిపోర్టులో పసుపు వరుసలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ఊళ్లలో ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అంటే రైలెక్కడమే. అయితే విశాఖ, లేదంటే భువనేశ్వర్. ఇప్పుడు ఇక్కడే కూర్చుని ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) ముంబయి రీజియన్‌లోనో, 2022లో మొదలైన హైదరాబాద్ రీజియన్‌లోనో ఉన్న క్లస్టర్లను, అంటే కలిసి పనిచేసే సర్వర్ల గుంపులను, చూసుకునే చిన్న టీములు తయారయ్యాయి. క్లయింటు కాల్‌లో ఒడియా, మాలో మేము తెలుగు, స్క్రీన్ మీద ఇంగ్లిష్. బరంపురంలో ఎస్టీపీఐ (కేంద్ర ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ పార్కుల సంస్థ) సెంటర్ ఉంది, గుణుపురంలోనూ పర్లాకిమిడిలోనూ ఇంజినీరింగ్ చదువులున్నాయి. పని తెలిసినవాళ్లకు కొదవ లేదు. తడబాటంతా కాగితాల దగ్గరే. క్లయింటు లోన్లిచ్చే కంపెనీ కావచ్చు, ఆస్పత్రులకు సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ కావచ్చు, ఏదో ఒక రోజు వాళ్ల ఆడిటర్ నుంచి మెయిల్ వస్తుంది: "మీ కుబెర్నెటీస్ క్లస్టర్‌కు సీఐఎస్ కంప్లయన్స్ రిపోర్టు పంపండి." కుబెర్నెటీస్ అంటే క్లస్టర్‌లో ప్రోగ్రాములను నడిపించి చూసుకునే సాఫ్ట్‌వేర్. సీఐఎస్ బెంచ్‌మార్కు అంటే దాని సెట్టింగులు ఎలా ఉండాలో చెప్పే రూళ్ల పత్రం. నోడ్ అంటే క్లస్టర్‌లోని ఒక్కో మిషన్. ఏ బెంచ్‌మార్కు, ఏ వెర్షను, ఏ నోడ్లకు అన్నది మెయిల్‌లో ఉండదు. టెన్షన్ మొదలు.

అప్పుడు చాలామంది చేసేది ఒకటే. ఆ రూళ్లను తనిఖీ చేసే క్యూబ్-బెంచ్ అనే టూల్ నడుపుతారు, ఎర్రగా వచ్చిన ఫెయిల్‌లన్నీ సరిచేస్తారు, మళ్లీ నడిపి "ఫెయిల్ సున్నా" అని పీడీఎఫ్ పంపేస్తారు. సొంత సర్వర్ల మీద పెట్టుకున్న క్లస్టర్ అయితే ఈ పద్ధతి కొంతవరకు నడుస్తుంది. ఈకేఎస్ (ఏడబ్ల్యూఎస్‌ది), జీకేఈ (గూగుల్‌ది), ఏకేఎస్ (మైక్రోసాఫ్ట్ అజ్యూర్‌ది) లాంటి, కొంత భాగాన్ని క్లౌడ్ కంపెనీయే నడిపే మేనేజ్డ్ క్లస్టర్‌లో నడవదు. అక్కడ ఎరుపుకు కారణమయ్యే సెట్టింగుల్లో చాలావాటిని నోడ్ ఇమేజ్ (నోడ్ మీద ఎక్కించే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ మూట) తయారుచేసినవాళ్లు ముందే సరిచేసి ఇస్తారు. మన చేతి తప్పులు దాక్కునేది పసుపు రంగులో వచ్చే వార్న్ వరుసల్లో. వాటిని టూల్ తేల్చదు, మనిషి చూడాలని వదిలేస్తుంది. ఆ మనిషేమో ఎరుపు పోయిందన్న సంతోషంలో ఫైలు మూసేస్తాడు.

రూలు ఒకరిది, కొలిచేది ఇంకొకరు

సీఐఎస్ అంటే సెంటర్ ఫర్ ఇంటర్నెట్ సెక్యూరిటీ. 2000లో అమెరికాలో మొదలైన లాభాపేక్ష లేని సంస్థ. విండోస్, లినక్స్, డేటాబేస్‌లు, క్లౌడ్ ఖాతాలు, ఇలా ఒక్కోదానికి "ఈ సెట్టింగు ఇలా ఉండాలి" అని ఒక్కో పుస్తకమంత పత్రం తయారుచేస్తుంది. ప్రతి రూలు కింద అది ఎందుకు కావాలి, ఎలా చూడాలి, తప్పుంటే ఎలా సరిచేయాలి అన్నవి ఉంటాయి. రూళ్లకు రెండు మెట్లు. లెవల్ 1 అందరికీ పనికొచ్చేది. లెవల్ 2 గట్టి భద్రత కావాలనుకునే వాళ్లకు, దానివల్ల కొంత ఇబ్బంది పడటానికి సిద్ధమైతేనే. ఇది చట్టం కాదు. క్యూబ్-బెంచ్ రిపోర్టు సర్టిఫికెట్టూ కాదు. ఈ రెండు మాటలు క్లయింటుకు మొదట్లోనే చెబితే తర్వాత గొడవలు తగ్గుతాయి.

క్యూబ్-బెంచ్ వేరే వాళ్లది. ఆక్వా సెక్యూరిటీ 2017లో ఓపెన్ సోర్స్‌గా బయట పెట్టిన చిన్న ప్రోగ్రామ్. సీఐఎస్ పత్రంలోని రూళ్లను యామెల్ అనే టెక్స్ట్ ఫైళ్లుగా రాసి పెట్టుకుని, ఒక్కో రూలుకు ఒక్కో షెల్ కమాండ్ నడిపి, వచ్చిన జవాబును రావాల్సిన జవాబుతో పోల్చి చూస్తుంది. అంతకు మించి అందులో మాయ లేదు. ఉదాహరణకు కుబెలెట్ (ప్రతి నోడ్ మీద కుబెర్నెటీస్ తరఫున నడిచే ప్రోగ్రామ్) కాన్ఫిగ్ ఫైలును ఎవరెవరు చదవొచ్చు, ఎవరెవరు మార్చొచ్చు అన్న రూలు తీసుకోండి. టూల్ ఆ ఫైలు మీద స్టాట్ కమాండ్ నడుపుతుంది. 644 (యజమాని మాత్రమే మార్చగలడు) గానీ అంతకన్నా బిగువైన అంకె గానీ వస్తే పాస్. 666 (ఎవరైనా మార్చొచ్చు) వస్తే ఫెయిల్. కుబెలెట్ ఏ ఆప్షన్లతో నడుస్తోందో తెలుసుకోవడానికి నోడ్ మీది ప్రాసెస్‌ల జాబితా తీసి అందులో వెతుకుతుంది. గుర్తు తెలియనివాళ్ల రిక్వెస్టుకు కుబెలెట్ జవాబిస్తోందా, 10255 నంబరు రీడ్-ఓన్లీ పోర్టు తెరిచి ఉందా, అనుమతుల సంగతి ఏపీఐ సర్వర్‌ను (క్లస్టర్‌కు వచ్చే ఆదేశాలన్నీ అందుకునే ప్రోగ్రామ్) అడుగుతోందా, లేక అందరికీ "సరే" అంటోందా? ఇలాంటివన్నీ ఆ దారిలోనే తేలతాయి.

ఫలితం నాలుగు రకాలు. పచ్చగా పాస్, ఎర్రగా ఫెయిల్, పసుపుగా వార్న్, నీలంగా ఇన్ఫో. వరుసలన్నీ అయ్యాక ఏది ఎలా సరిచేయాలో చెప్పే భాగం, అట్టడుగున లెక్క: పాస్ ఇన్ని, ఫెయిల్ ఇన్ని, వార్న్ ఇన్ని. రంగులు టెర్మినల్ మీదే. ఎక్సెల్‌లోకి ఎక్కించగానే అవి పోతాయి, వార్న్ అన్న మాట మిగతా మాటల్లో కలిసిపోతుంది. సీఐఎస్ పత్రంలో "మాన్యువల్" అని రాసిన రూళ్లకు టూల్ తనంతట తాను తీర్పు చెప్పదు, వార్న్ ఇచ్చి వదిలేస్తుంది. వార్న్ అంటే "చిన్న తప్పు" అనుకునేవాళ్లు చాలామంది. అది ఇంకా దిద్దని జవాబు పత్రం. లోపల నూటికి నూరూ ఉండొచ్చు, సున్నా ఉండొచ్చు.

మొదటి సెక్షన్ ఎందుకు ఖాళీ

కుబెర్నెటీస్‌కు సీఐఎస్ రాసిన మామూలు బెంచ్‌మార్కులో అయిదు సెక్షన్లు. కంట్రోల్ ప్లేన్ (క్లస్టర్‌ను నడిపించే మెదడు) భాగాలు, ఎట్‌సీడీ (క్లస్టర్ డేటా దాచే చోటు), కంట్రోల్ ప్లేన్ కాన్ఫిగరేషన్, వర్కర్ నోడ్లు (అప్లికేషన్లు నడిచే మిషన్లు), పాలసీలు. మేనేజ్డ్ క్లస్టర్లకు సీఐఎస్ వేరే బెంచ్‌మార్కులే రాసింది, ఈకేఎస్‌కు ఒకటి, జీకేఈకి ఒకటి, ఏకేఎస్‌కు ఒకటి. ఈకేఎస్ పత్రంలో మొదటి సెక్షన్ పేరుకే ఉంటుంది. రెండోది లాగ్‌లు, మూడోది వర్కర్ నోడ్లు, నాలుగోది పాలసీలు, అయిదోది మేనేజ్డ్ సర్వీసులు. అంటే ఇమేజ్ రిజిస్ట్రీ, ఐఏఎం (క్లౌడ్‌లో ఎవరికి ఏ అనుమతో చూసే సేవ), కీల నిర్వహణ, నెట్‌వర్కు లాంటివి.

గుణుపురం నుంచి కొత్తగా చేరిన అమ్మాయి రిపోర్టు చూసి అడిగింది: "ఏటన్నయ్యా, ఆడిటర్ షీట్‌లో ఏపీఐ సర్వర్ మీద అన్ని ప్రశ్నలున్నాయి, మన రిపోర్టులో ఒక్కటీ లేదు. టూల్ సరిగ్గా నడవలేదా?"

"నడిచిందమ్మా. ఏపీఐ సర్వర్ ఉన్న మిషన్ మన ఖాతాలో లేదు కదా, టూల్ ఎక్కడికెళ్లి చూస్తుంది?"

విషయం అదే. ఏపీఐ సర్వర్, షెడ్యూలర్, కంట్రోలర్ మేనేజర్, ఎట్‌సీడీ ఈ నాలుగూ క్లౌడ్ కంపెనీ సొంత ఖాతాలో నడుస్తాయి. మనకు కనిపించేది ఒక అడ్రసు మాత్రమే. ఆ మిషన్‌లోకి లాగిన్ అవలేం, ఫైల్ పర్మిషన్లు చూడలేం, ఆప్షన్లు మార్చలేం. ఆడిటర్ మామూలు బెంచ్‌మార్కు షీట్ పంపితే మొదటి రెండు సెక్షన్ల ప్రశ్నలకు మన దగ్గర జవాబు ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. వాటికి రుజువు క్లౌడ్ కంపెనీ మూడో పార్టీతో చేయించుకున్న ఆడిట్ రిపోర్టులు. సాక్, ఐఎస్ఓ లాంటివి. ఏడబ్ల్యూఎస్ వాటిని ఆర్టిఫాక్ట్ అనే చోట ఉంచుతుంది. మైక్రోసాఫ్ట్‌కు సర్వీస్ ట్రస్ట్ పోర్టల్ ఉంది. లాగిన్ అయి, ఒప్పందం ఒప్పుకుని దింపుకోవాలి. వాటిని బయటివాళ్లకు పంపే ముందు ఆ ఒప్పందం ఒకసారి చదవడం మంచిది, కొన్నింటిని ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వకూడదు.

బాధ్యతల పంపకం ఇంత తేటగా ఉంటే ఈ వ్యాసం అవసరం లేదు. చిక్కు సరిహద్దులో ఉంది. కొరాపుట్ జిల్లా కొటియా ఊళ్ల సంగతి ఇటువైపు అందరికీ తెలిసిందే: ఒడిశా మావంటుంది, ఆంధ్ర మావంటుంది, రెండు వైపుల రేషన్ కార్డులూ అక్కడి ఇళ్లలో కనిపిస్తాయి. మేనేజ్డ్ క్లస్టర్‌లో తగువు దీనికి తలకిందులు. కొన్ని పనులను ఇద్దరూ తమవి కావనే అనుకుంటారు.

నోడ్ల ప్యాచింగ్ అలాంటిదే. ఈకేఎస్‌లో మేనేజ్డ్ నోడ్ గ్రూపు అన్న పేరు చూసి ప్యాచ్‌లు వాటంతట అవే పడతాయనుకుంటారు. ఏడబ్ల్యూఎస్ కొత్త ఇమేజ్ తయారుచేసి విడుదల చేస్తుంది, నిజమే. దాన్ని మన నోడ్ గ్రూపుకు ఎక్కించమని చెప్పాల్సింది మాత్రం మనం. చెప్పకపోతే పాత నోడ్ పాతగానే ఉంటుంది, ఎన్ని నెలలైనా. క్లస్టర్ వెర్షన్ పెంచేటప్పుడు కోర్‌డీఎన్ఎస్, క్యూబ్-ప్రాక్సీ, నెట్‌వర్కు ప్లగిన్ లాంటి యాడ్-ఆన్లు కూడా వాటంతట అవి పెరగవు. జీకేఈలో నోడ్ల ఆటో-అప్‌గ్రేడ్ మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది, అక్కడ బెంగ వేరు: ఎప్పుడు పెరిగిందో మనకు తెలియకపోవడం. ఒక క్లౌడ్ అలవాటును ఇంకో క్లౌడ్‌కు తీసుకెళ్తే ఇక్కడే దెబ్బతింటాం.

నోడ్ మీద నడిపేటప్పుడు

టూల్‌ను క్లస్టర్‌లో ఒక జాబ్‌గా నడుపుతారు. ఈకేఎస్‌కు, జీకేఈకి, ఏకేఎస్‌కు విడివిడి జాబ్ ఫైళ్లు ప్రాజెక్టులోనే ఉన్నాయి. క్లస్టర్ వెర్షన్ మాటలను బట్టి ఏ బెంచ్‌మార్కు వాడాలో టూల్ తనే ఊహిస్తుంది. ఆ ఊహకు వదిలేయకుండా పేరు మనమే ఇవ్వడం నయం. రేపు ఆడిటర్ అడిగినప్పుడు "టూల్ అదే ఎంచుకుంది" అనడం బాగోదు.

జాబ్ అంటే ఒక పాడ్, కుబెర్నెటీస్‌లో ప్రోగ్రామ్ నడిచే చిన్న మూట. ఒక పాడ్ అంటే ఒక నోడ్. ఇది చాలా మామూలు విషయం, అయినా చాలా రిపోర్టులు దీని దగ్గరే చతికిలబడతాయి. క్లస్టర్‌లో అమెజాన్ లినక్స్ నోడ్ గ్రూపు ఒకటి, బాటిల్‌రాకెట్ (కంటైనర్ల కోసమే అమెజాన్ తయారుచేసిన లినక్స్) గ్రూపు ఒకటి, జీపీయూ ఉన్నది ఇంకొకటి ఉందనుకోండి. జాబ్ షెడ్యూలర్ ఎక్కడ పడేస్తే అక్కడ నడిచి ఆ ఒక్క నోడ్ సంగతే చెబుతుంది. రిపోర్టు పైన మాత్రం క్లస్టర్ పేరు ఉంటుంది. ప్రతి నోడ్ గ్రూపుకూ సెలెక్టర్ పెట్టి కనీసం ఒకసారైనా నడపాలి, లేదా డీమన్‌సెట్‌గా మార్చి అన్ని నోడ్ల మీదా నడపాలి. ఫార్‌గేట్ (నోడ్లు మనకు కనిపించకుండా ఏడబ్ల్యూఎస్సే చూసుకునే పద్ధతి) మీద ఇదేదీ కుదరదు. అక్కడ డీమన్‌సెట్ ఉండదు, నోడ్ లోపలికి తొంగి చూడనివ్వరు. జీకేఈ ఆటోపైలట్‌లో డీమన్‌సెట్ ఉంటుంది కానీ, నోడ్ లోపలికి అలా తొంగి చూడనివ్వరు. అలాంటి చోట వర్కర్ నోడ్ సెక్షన్ కూడా క్లౌడ్ కంపెనీ వైపు జరిగిపోయిందని రాసి పెట్టుకోవాలి.

ఇందులో ఒక వింత ఉంది. సెక్యూరిటీ చూడటానికి వచ్చిన ఈ పాడ్‌కే ఎక్కువ సెక్యూరిటీ సడలింపు కావాలి. నోడ్ ప్రాసెస్‌లన్నీ చూడాలి కాబట్టి హోస్ట్ పీఐడీ కావాలి, నోడ్ ఫోల్డర్లు చదవాలి కాబట్టి హోస్ట్ పాత్ మౌంట్లు కావాలి. పాలసీ సెక్షన్ ఇలాంటి పాడ్లను రానివ్వొద్దనే చెబుతుంది. నేమ్‌స్పేస్‌కు (క్లస్టర్‌లో విడిగా కేటాయించిన భాగం) రెస్ట్రిక్టెడ్ అని పాడ్ సెక్యూరిటీ లేబుల్ పెట్టినచోట క్యూబ్-బెంచ్ పాడ్ మొదలే కాదు. మొదలైందంటే ఆ లేబుల్ లేదనే అర్థం. కాబట్టి దానికోసం వేరే నేమ్‌స్పేస్ పెట్టి, అక్కడ మాత్రం సడలించి, పని కాగానే నేమ్‌స్పేస్ మొత్తం తీసేయడం మేలు. ఎవరో ఎప్పుడో నడిపిన డీమన్‌సెట్ నెలల తరబడి అలాగే పడి ఉండటం అరుదేమీ కాదు.

ఇక దొంగ ఫెయిల్‌లు. టూల్ ఫైలును ఎక్కడ వెతకాలో దాని యామెల్‌లో రాసి ఉంటుంది. నోడ్ ఇమేజ్ మారి ఆ ఫైలు చోటు మారితే టూల్ పాత చోటికే వెళ్తుంది, ఏమీ దొరకదు, ఫెయిల్ రాస్తుంది. అమెజాన్ లినక్స్ 2 నుంచి 2023కు మారినప్పుడు జరిగింది ఇదే. కుబెలెట్ కాన్ఫిగ్ ఫైలు పేరు మారింది, నోడ్‌ను క్లస్టర్‌లో చేర్చే పద్ధతే మారింది. ఈకేఎస్ కోసం అమెజాన్ లినక్స్ 2 ఇమేజ్‌లను 2025 నవంబరులో ఆపేశారు కాబట్టి పాత టూల్, పాత యామెల్ పట్టుకుని కొత్త నోడ్ల మీద నడిపేవాళ్లకు లేని ఎరుపు కనిపిస్తుంది. దాన్ని చూసి కంగారుగా నోడ్ మీద ఫైళ్లు కెలకడం ఇంకా పెద్ద ప్రమాదం.

ఇలాంటప్పుడు టూల్‌ను వదిలేసి కుబెలెట్‌నే అడగాలి. ఏపీఐ సర్వర్ ద్వారా నోడ్ ప్రాక్సీ దారిలో కాన్ఫిగ్‌జెడ్ అనే అడ్రసు ఉంటుంది. క్యూబ్‌సీటీఎల్ అనే కమాండుతో దాన్ని తెరిస్తే ఆ నోడ్‌లో కుబెలెట్ ఈ క్షణం ఏ సెట్టింగులతో నడుస్తోందో మొత్తం జేసన్‌గా ఇస్తుంది. ఫైలులో ఏముంది అన్నది కాదు, నడుస్తున్న ప్రాసెస్ ఏమనుకుంటోంది అన్నది. అందులో అనానిమస్ అన్న చోట ఫాల్స్ అని, ఆథరైజేషన్ మోడ్ వెబ్‌హుక్ అని ఉంటే, రిపోర్టులో ఎర్ర వరుస పక్కన ఆ జేసన్ ముక్క పెట్టి "టూల్ పాత చోట వెతికింది, అసలు సెట్టింగు ఇదీ" అని రాయొచ్చు. సరైన ఆడిటర్ దీన్ని కాదనడు. బాటిల్‌రాకెట్ అయితే మరీ వేరు. అందులో షెల్ ఉండదు, కానీ తన సీఐఎస్ రిపోర్టు తానే ఇచ్చే కమాండు దానిలోనే ఉంది. అక్కడ క్యూబ్-బెంచ్‌తో కుస్తీ పట్టనక్కర్లేదు.

పసుపు వరుసలు: తాళం ఎవరి దగ్గర

2018 ఫిబ్రవరిలో రెడ్‌లాక్ అనే సెక్యూరిటీ కంపెనీ బయటపెట్టిన సంగతి చాలామంది విని ఉంటారు. టెస్లా కుబెర్నెటీస్ కన్సోల్‌కు పాస్‌వర్డే లేదు. లోపలికి వెళ్లినవాళ్లకు ఒక పాడ్‌లో ఏడబ్ల్యూఎస్ కీలు దొరికాయి. తర్వాత ఆ క్లస్టర్ మీద క్రిప్టో మైనింగ్ నడిపారు. ఆ రోజు ఆ నోడ్ల మీద ఫైల్ పర్మిషన్లు అన్నీ 644 ఉన్నా ఒరిగేదేమీ లేదు. తప్పు నోడ్‌లో లేదు. ఎవరికి ఏ తలుపు తెరిచి ఉంది అన్నదాంట్లో ఉంది. సీఐఎస్ పత్రంలో ఈ ప్రశ్నలన్నీ పాలసీలు, మేనేజ్డ్ సర్వీసుల సెక్షన్లలో ఉంటాయి. క్యూబ్-బెంచ్ వాటిలో ఎక్కువ భాగానికి వార్న్ ఇచ్చి తప్పుకుంటుంది.

మొదట చూడాల్సింది క్లస్టర్-అడ్మిన్, అంటే క్లస్టర్ మీద పూర్తి అధికారం, ఎవరెవరికి ఉందో. క్లస్టర్ రోల్ బైండింగుల (ఎవరికి ఏ అధికారం ఇచ్చామో చెప్పే ఎంట్రీల) జాబితా తీస్తే పేర్లు వస్తాయి. కాకపోతే ఈకేఎస్‌లో ఒక పాత మెలిక ఉంది. క్లస్టర్ సృష్టించిన ఐఏఎం గుర్తింపుకు పూర్తి అధికారం దానంతట అదే వచ్చేది, కానీ అది ఏడబ్ల్యూఎస్-ఆథ్ కాన్ఫిగ్‌మ్యాప్‌లో గానీ బైండింగుల జాబితాలో గానీ ఎక్కడా కనిపించేది కాదు. మన ఊళ్ల టీముల్లో దీని బరువు ఎక్కువ. క్లస్టర్ పెట్టిన కుర్రాడు రెండేళ్లకు హైదరాబాద్‌లో మంచి జీతం చూసుకుని వెళ్లిపోతాడు. సంతోషమే. అతని సొంత యూజర్‌తో పెట్టిన క్లస్టర్‌లో ఆ యూజర్ ఇంకా రాజే. 2023 డిసెంబరులో యాక్సెస్ ఎంట్రీలు వచ్చాక ఈ దాగుడుమూతలకు దారి దొరికింది. క్లస్టర్‌ను ఆ పద్ధతికి మార్చుకుంటే ఆ ఎంట్రీ కంటికి కనిపిస్తుంది, తీసేయొచ్చు కూడా. పాత క్లస్టర్లను ఎవరో ఒకరు కూర్చుని మార్చాలి. మార్చమని మెయిల్ రాదు.

జీకేఈలో మెలిక ఇంకో రకం. 2024 జనవరిలో ఓర్కా సెక్యూరిటీ చూపించింది. సిస్టమ్ ఆథెంటికేటెడ్ అనే గ్రూపుకు అధికారం ఇస్తే "మన కంపెనీలో లాగిన్ అయినవాళ్లు" అనుకుంటారు. జీకేఈలో ఆ గ్రూపులోకి ఏ గూగుల్ ఖాతా అయినా వస్తుంది. జీమెయిల్ ఉన్న ఎవరైనా సరే. గూగుల్ ఆ తర్వాత 1.28 వెర్షన్ నుంచి ఆ గ్రూపుకు క్లస్టర్-అడ్మిన్ కట్టబెట్టకుండా అడ్డం వేసింది. మనం సొంతంగా రాసుకున్న రోల్‌ను ఆ గ్రూపుకు తగిలిస్తే మాత్రం ఆ అడ్డం పనిచేయదు. ఇలాంటిది టూల్ చెప్పాలని ఎదురుచూస్తే లాభం లేదు. బైండింగుల జాబితాలో ఆ పేరు ఉందా లేదా అని వెతకడానికి అయిదు నిమిషాలు చాలు.

తర్వాతిది ఏపీఐ అడ్రసు. ఈకేఎస్ క్లస్టర్‌ను మామూలుగా సృష్టిస్తే ఏపీఐ సర్వర్ ఇంటర్నెట్ అంతటికీ తెరిచే ఉంటుంది. అనుమతించిన అడ్రసుల చోట 0.0.0.0/0, అంటే ఏ అడ్రసైనా. తెరిచి ఉంది అంటే ఎవరైనా లోపలికి వచ్చేస్తారని కాదు, ఐఏఎం లాగిన్ అడ్డం ఉంటుంది. లాగిన్ లేనివాళ్లకు దొరికేది ఆరోగ్యం బాగుందన్న జవాబు లాంటివే, 1.32కు ముందు వెర్షన్లలో వెర్షన్ నంబరు కూడా. అయినా రేపు ఏపీఐ సర్వర్‌లో ఏదైనా పెద్ద లోపం బయటపడితే ప్రపంచం మొత్తం తట్టగలిగే తలుపు మనదే అవుతుంది. అందుకే బెంచ్‌మార్కు దాన్ని బిగించమంటుంది.

బిగించడం ఇక్కడ అంత తేలిక కాదు. ఆఫీసు ఒకే చోట ఉంటే ఆఫీసు ఐపీ ఒక్కటి రాసేస్తే సరి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద పనిచేసే టీములో ఐపీ ఈ రోజుది రేపు ఉండదు, ఒక్కో ఐపీ వెనక ఎంతమంది ఉన్నారో కూడా తెలియదు. పైగా ఇది తుపాన్ల తీరం. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను ముంచింది. కరెంటు పోయి, కేబుల్ తెగి, అందరూ మొబైల్ హాట్‌స్పాట్ల మీద పడిన రోజున అప్లికేషన్ ఆగితే అప్పుడు ఎవరూ అడ్రసుల జాబితా సరిచూస్తూ కూర్చోరు. "ప్రస్తుతానికి అందరికీ తెరిచేద్దాం" అంటారు. ఆ ప్రస్తుతం ఎప్పటికి ముగుస్తుందో ఎవరి డైరీలోనూ ఉండదు. నా ఉద్దేశంలో ఇలాంటి టీములు ఐపీ జాబితాను నమ్ముకోకూడదు. ఏపీఐ అడ్రసును ప్రైవేట్ చేసి, వీపీఎన్ ద్వారానో, సెషన్ మేనేజర్‌తో తెరిచే ఒక మధ్య మిషన్ ద్వారానో వెళ్లాలి. అప్పుడు మనిషి ఎక్కడున్నాడన్నది లెక్కలోకి రాదు, ఎవరన్నదే లెక్క. హాట్‌స్పాట్ నుంచైనా అదే దారి.

లాగ్‌ల వరుస కూడా పసుపే. ఈకేఎస్ కంట్రోల్ ప్లేన్ లాగ్‌లు అయిదు రకాలు, అయిదూ మొదట ఆఫ్‌లో ఉంటాయి. ఆడిట్ లాగ్ ఆన్ చేయకపోతే ఎవరు ఏ సీక్రెట్ (పాస్‌వర్డులు, కీలు దాచే ఎంట్రీ) తెరిచారో, ఎవరు ఏ పాడ్ లోపలికి వెళ్లారో తర్వాత తెలుసుకునే దారే లేదు. ఈ రోజు ఆన్ చేస్తే నిన్నటిది రాదు. ఇది సీఐఎస్ కోరిక మాత్రమే కాదు, మన చట్టం కూడా ఇక్కడికే వస్తుంది. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన జరిగినట్టు తెలిసిన 6 గంటల్లో చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. ఈ ఆదేశం కంపెనీలన్నింటికీ వర్తిస్తుంది. పది మంది టీము కదా అని మినహాయింపు లేదు. కాబట్టి ఆడిటర్ అడగకపోయినా ఈ వరుసను ముందు సరిచేయాలి. ఖర్చు సంగతి కూడా చెప్పుకోవాలి: క్లౌడ్‌వాచ్‌లో గడువు పెట్టకపోతే లాగ్‌లు ఎప్పటికీ ఉంటాయి, బిల్లూ ఎప్పటికీ వస్తుంది. గడువు జాబితాలో 180 రోజులన్నది నేరుగా ఉంది. అయిదు రకాలూ ఆన్ చేసే స్తోమత లేకపోతే ఆడిట్, ఆథెంటికేటర్ ఈ రెండూ మాత్రం వదలకూడదు.

సీక్రెట్ల ఎన్‌క్రిప్షన్ వరుసలో బెంచ్‌మార్కు కంటే క్లౌడే ముందుకెళ్లింది. ఒకప్పుడు ఈకేఎస్‌లో కేఎంఎస్ (ఏడబ్ల్యూఎస్ కీల సేవ) కీ మనం తగిలిస్తేనే సీక్రెట్లకు ఎన్‌క్రిప్షన్ రెండో పొర ఉండేది. 2025 నుంచి 1.28, ఆపై వెర్షన్లలో ఏపీఐ డేటా అంతటికీ అది ముందే ఉంటోంది, కీ మాత్రం ఏడబ్ల్యూఎస్‌ది. ఇప్పుడు అడగాల్సింది "ఎన్‌క్రిప్షన్ ఉందా" అని కాదు, "కీ ఎవరిది, మన సొంత కీ కావాలని క్లయింటు ఒప్పందంలో ఉందా" అని. దీనికి తలకిందులుగా, ఎక్కడో దొరికిన పాత బెంచ్‌మార్కు షీట్లు ఇంకా పాడ్ సెక్యూరిటీ పాలసీ చూపించమంటాయి. 2022లో వచ్చిన 1.25తోనే కుబెర్నెటీస్ దాన్ని తీసేసింది. లేనిదాన్ని చూపించలేం. నేమ్‌స్పేస్ లేబుళ్లతో నడిచే పాడ్ సెక్యూరిటీ అడ్మిషన్ చూపించి, వెర్షన్ సంగతి పక్కన రాస్తే చాలు.

ఈ పసుపు వరుసల్లో క్లౌడ్ వైపువి కొన్నింటిని చూడటానికి క్యూబ్-బెంచ్ కాకుండా వేరే టూళ్లు వాడాలి. ఏడబ్ల్యూఎస్ సెక్యూరిటీ హబ్‌లో ఏపీఐ అడ్రసు బయటికి తెరిచి ఉందా, ఆడిట్ లాగ్ ఆన్‌లో ఉందా, వెర్షన్‌కు ఇంకా సపోర్టు ఉందా అన్న తనిఖీలు ముందే ఉన్నాయి. అజ్యూర్‌లో డిఫెండర్ ఉంది. ఓపెన్ సోర్స్‌లో ప్రౌలర్ ఉంది. క్యూబ్-బెంచ్ ఫలితాలను సెక్యూరిటీ హబ్‌లోకి పంపే వీలు కూడా ఉంది, ఆడిటర్‌కు ఒకే తెర చూపించొచ్చు. రెండు టూళ్ల మధ్య మిగిలేది మనుషులు, రోళ్లు, సర్వీస్ అకౌంట్లు. అవి చేత్తో చూడాల్సినవే.

ఆడిటర్‌కు పంపే షీటు

పీడీఎఫ్‌కు బదులు షీటు పంపండి. బెంచ్‌మార్కు పేరు, వెర్షను, టూల్ వెర్షను, నడిపిన తేదీ, ఏ నోడ్ గ్రూపు, ఏ ఇమేజ్ అన్నవి పైన ఉండాలి. ప్రతి వరుసకూ టూల్ ఇచ్చిన ఫలితాన్ని మార్చకుండా ఉంచండి. ఫెయిల్‌ను చెరిపి పాస్ రాయడం చిన్న అబద్ధం, దొరికినప్పుడు మిగతా షీటంతా అబద్ధమైపోతుంది. దాని పక్కన "ఎవరిది" అని ఒక గడి పెట్టండి: క్లౌడ్ కంపెనీదా, నోడ్ ఇమేజ్‌దా, మనదా. దాని పక్కన మన తీర్పు, రుజువు. వార్న్ వరుసలో "మాన్యువల్" అని రాసి వదిలేయకుండా ఎవరు చూశారు, ఏ కమాండుతో చూశారు, ఏం కనిపించింది అన్నది రాయాలి. ఒప్పుకుని వదిలేసిన రిస్క్ ఉంటే ఎందుకు వదిలేశామో, ఎప్పటివరకో, క్లయింటు వైపు ఎవరు సరేనన్నారో కూడా.

మొదటిసారి ఇది విసుగు పని. రెండోసారికి తొంభై పాళ్లు కాపీయే, మారినవి మాత్రం చూసుకుంటే చాలు. నోడ్ ఇమేజ్ మారినప్పుడు, క్లస్టర్ వెర్షన్ పెరిగినప్పుడు, ఎవరైనా టీము వదిలి వెళ్లినప్పుడు మళ్లీ నడపాలి. ఏడాదికోసారి ఆడిట్ ముందు నడిపేదాని కంటే దీనివల్లే ఉపయోగం ఎక్కువ. కార్పెంటర్ లాంటి ఆటోస్కేలర్ పెట్టుకున్న చోట నోడ్లు పొద్దున పుట్టి సాయంత్రం పోతాయి కాబట్టి ఒక్కో నోడ్‌ను కాకుండా ఇమేజ్‌ను పరీక్షించి, ఆ ఇమేజ్ నంబరే షీట్‌లో రాయాలి.

"మాకు ఫెయిల్ సున్నా కావాలి" అని పట్టుబట్టే ఆడిటర్లూ ఉంటారు. వాళ్లతో వాదన పెట్టుకోకుండా ఒక్కటే అడగండి: ఏ బెంచ్‌మార్కు, ఏ వెర్షను, లెవల్ 1 వరకా, 2 వరకా, మెయిల్‌లో రాసి ఇవ్వమని. రాసి ఇచ్చిన వెర్షను మన క్లౌడ్‌ది కాకుండా మామూలు బెంచ్‌మార్కుదైతే మొదటి రెండు సెక్షన్ల దగ్గర క్లౌడ్ కంపెనీ ఆడిట్ రిపోర్టు పేరు, అది ఏ కాలానికి సంబంధించిందో రాసి పంపండి. సరైనదే అడిగితే మన షీటులో ఎర్ర వరుసలు ఎలాగూ కొద్దిగానే ఉంటాయి. అప్పుడు సమయమంతా క్లస్టర్-అడ్మిన్ జాబితా మీద పెట్టొచ్చు.